కత్తులు విప్పేసి రా

రోహిణి ఎండల్లో గంటకి పన్నెండు వందలు నా రేటు.
మెంటాడ నుంచి చంపావతి ఒడ్డు దాకా
ఏ గరువు ఎంత లోతు తెగుతుందో
సీటు కింది కుదుపే చెప్పేస్తుంది నాకు.
నలభై రెండు కత్తులు నా రోటావేటరుకి.
రెండుసార్లు తిప్పితే చాలు
మట్టి చోడిపిండిలా రాలుతుంది.
రైతు గుప్పిట్లోకి తీసుకుని మురిసిపోతాడు,
నేను కిస్తీ లెక్క చూసుకుంటాను.

లెంక గవరమ్మ మూడేళ్ళుగా నన్ను పిలవడం లేదు.
ఎకరం ముప్పై సెంట్లు, గట్టు మీద రెండు తాడిచెట్లు.
నారమిల్లులు మూతపడ్డాక
అందరిలాగే గోగు మాని మొక్కజొన్నకి తిరిగింది,
కానీ కోసిన మోళ్ళు పీకలేదు, కాల్చలేదు.
తొలకరికి ముందే, ఒట్టి దుమ్ములోనే,
బూడిదా పేడా పట్టించిన గింజలు చల్లింది:
ఉలవ, జనుము, అలసంద, గంటి, ఆవాలు,
డబ్బాల అడుగున మిగిలినవి కూడా.
"ఏటి గవరప్పా, పొలమా, పోపులపెట్టా?" అన్నాను.
"నీ బండి గోల నేకపోతే
దానికి కూసింత నిద్దరడతాది" అంది.

మొదటి ఏడు నేనే గెలిచాను.
ఆమె చేలో తుంగే తుంగ.
ఊళ్ళో అందరికీ పద్దెనిమిది బస్తాలు, ఆమెకి పదకొండు.
రెండో ఏడు కోతలయ్యాక మందలు ఒగ్గేశారు,
మేకలు ఆమె ఉలవపచ్చని మొదలంటా నాకేశాయి.
మేకలవాళ్ళతో దెబ్బలాడింది. ముళ్ళకంప ఈడ్చింది.
చలిలో గోనె కప్పుకుని కాపు కాసింది.
టీకొట్టు దగ్గర నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను.
అబద్ధమెందుకు, గట్టిగానే నవ్వాను.

మొన్న ఆశ్వయుజంలో వాయుగుండం.
రెండు రాత్రులు విడవకుండా కురిసింది.
తెల్లారి చూస్తే గెడ్డ నిండా ఎరుపు.
ఆ ఎరుపు ఎవరెవరిదో నాకు తెలుసు.
కంబారోళ్ళ చెక్క, రాళ్ళగరువు, మా బావమరిది మడి,
ఎండల్లో నేను పిండి చేసిన నేలలన్నీ
నా కళ్ళముందే దిగి వెళ్ళిపోతున్నాయి.
గవరమ్మ గట్టు గండి దగ్గర ఆగాను.
అక్కడా నీళ్ళొస్తున్నాయి, సన్నగా.
అడుగున గులకరాయి కనిపిస్తోంది.

ట్రాలీలో ఇనప ఊచ ఉంది.
ముందు నా సొంత మడిలో గుచ్చాను.
జానెడు దిగి టక్కుమంది.
తవ్వి చూశాను, రాయి కాదు.
చక్రాల బరువుతో, కత్తుల రుద్దుడుతో
పదేళ్ళుగా నేనే పరుచుకున్న గచ్చు.
దాని మీద మొక్కజొన్న వేళ్ళు
గోడ తగిలిన ఎద్దుల్లా పక్కకి తిరిగి ఉన్నాయి.

ఆమె చేలో ఊచ
మోచేతి దాకా వెళ్ళింది, నేను నెట్టలేదు.
ఎప్పుడో చచ్చిన జనుము వేరు వదిలిన బొరియలో
వానపాము ఒకటి
నన్ను పట్టించుకోకుండా తన పని మీద పోతోంది.
వాసనంటారా,
వాన వెలిసిన మూడోనాడు
పుట్టకొక్కులకి వెళ్ళినప్పటి వాసన.
గవరమ్మ గట్టు మీంచి చూసింది. ఏమీ అనలేదు.
ఏదైనా అంటే బాగుండేది.

ఇవాళ ఫోన్ చేసింది.
చల్లిన జనుము నడుమెత్తు పెరిగి పూతకొచ్చిందట.
"కలియదున్నాలా?" ఆశగా అడిగాను.
"దున్నొద్దు. తొక్కించి పండబెట్టీయాల.
ఆ సెత్త మీదే నువ్వులు ఏస్తాను.
కత్తులు ఇప్పీసి రా. ఎనకాల తాటిదుంగ కట్టు."
"మరి గంటకి?"
"గంటెందుకురా పోలీ, అరగంట పని. ఆరొందలు."
"ఆ కత్తులపెట్టె దించడానికే గంట పడతాది గవరప్పా!"
"దించినాక మళ్ళీ తగిలించమని నానన్నేదు గదా."

షెడ్డులో కూర్చున్నాను, సుత్తి పక్కన పెట్టుకుని.
ఇంకా పదకొండు కిస్తీలున్నాయి.
కొన్నప్పటి నుంచి ఒక్కసారీ దించలేదేమో,
కింది పిన్ను తుప్పుపట్టి కదలడం లేదు.
కిరసనాయిలు పోశాను.
నానుతోంది.